రొయ్యల నూకరాజు, రోజుకో మాత్ర

నాగాయలంక దగ్గర నాలుగు రొయ్యల చెరువులకు నూకరాజే కాపలాదారు, మేతగాడు, సగం వైద్యుడు. పందొమ్మిదేళ్లుగా ఆ గట్ల మీదే బతుకు. పొద్దున్నే మేతలో విటమిన్ల పొడి, ఖనిజాల పొడి కలిపి, జిగురు పట్టించి, నీడన ఆరబెట్టి చెరువుల్లో చల్లుతాడు. వలలో పడ్డ రొయ్యను వేళ్ల మధ్య నొక్కి చూసి, దానికేం తక్కువైందో చెప్పేస్తాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

మొన్న వేసవిలో ఆయన భార్య పెద్దింట్లమ్మ చేపల తట్ట దించుకుంటూ గుమ్మంలోనే కూలబడింది. అన్నం సయించడం లేదంది. అవనిగడ్డ డాక్టరు, రక్తం తక్కువగా ఉంది, రోజూ ఒక మల్టీవిటమిన్ మాత్ర వేసుకోమని, ఆకుకూరలు, గుడ్లు తినమని చెప్పాడు. "నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే పరీక్షలు చేయించాలి. తప్పకుండా రండి" అని కూడా అన్నాడు.

నూకరాజు చెవికి మాత్రల వరకే ఎక్కింది. మర్నాటి నుంచి తనే పొయ్యి రాజేశాడు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, ఉడికించిన గుడ్డు. మాత్ర గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

"నన్ను కూడా రొయ్యని చేశావు కదయ్యా! ఒళ్లొచ్చాక లారీ ఎక్కించి తోలేస్తావా ఏంది?"

"నోరు మూసుకుని తాగు. జావ చల్లారిపోతంది."

నెల తిరిగింది. పెద్దింట్లమ్మకు ఒళ్లు రాలేదు సరికదా, జాకెట్లు వదులయ్యాయి. నూకరాజు మందుల షాపుకి వెళ్లి, ఇంతకంటే పెద్ద మాత్ర ఏదైనా ఉందా అని అడిగాడు.

"పెద్దదంటే రేటు పెద్దది మావయ్యా, లోపల సరుకంతా ఒకటే" అన్నాడు షాపు కిరణ్ కుమార్. "అమ్ముకునేవాణ్ణి, నేనే చెప్తన్నా. అత్తని ముందు బందరు తీసుకెళ్లి చూపించు."

"ముందు కాస్త ఒళ్లు పట్టనీరా. తర్వాత చూపిద్దాం."

చెరువుల వాళ్లకు ఒక భయం ఉంది. రొయ్య మేత ముట్టకపోతే పొడులు మారుస్తారు, నీళ్లు మారుస్తారు, ల్యాబుకి మాత్రం ఆఖరున వెళ్తారు. అక్కడ జబ్బుకి పేరు పెట్టారంటే ఇక పట్టుబడే, రొయ్యలన్నీ పట్టి అమ్మేయడమే. ఎదిగినా ఎదగకపోయినా చెరువు ఖాళీ చెయ్యాల్సిందే. పేరు పెట్టనంత కాలం ఆశ మిగిలి ఉన్నట్టు. నూకరాజు ఆ భయాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్యకి ఏదో ఉందని తెలియక కాదు, అదేమిటో తెలిసిపోతుందేమోనని.

అలా నాలుగు నెలలు గడిచాయి.

ఒకరోజు ఏదో మరిచిపోయి గట్టు మీది నుంచి వెనక్కి వచ్చేసరికి, పెద్దింట్లమ్మ పెరట్లో గోడ పట్టుకుని జావంతా కక్కుకుంటోంది.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"రెండు నెలలవుతంది." నోరు తుడుచుకుంది. "పెళ్లయ్యాక నాకు ఒకరు వండి పెట్టడం ఇదే మొదలు. వద్దని ఎట్టా అంటాను?"

ఆ పూటే బందరు బస్సెక్కారు. పెద్దాసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి చూశారు, స్కానింగు తీశారు. నాలుగో రోజు డాక్టరు నూకరాజును ఒక్కడినే గదిలోకి పిలిచాడు.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ?"

"మాత్రలు వేశానండీ. రోజూ వేశానండీ. ఒక్క పూట తప్పలేదండీ."

డాక్టరు రిపోర్టు కాగితాలు ఆయన ముందుకు జరిపాడు. "మాత్రల తప్పేం లేదు. కడుపులో కాన్సరు. కాలేయానికి పాకింది. మొదట్లోనే వచ్చుంటే కోసి తీసేవాళ్లం."

తిరుగు బస్సులో పెద్దింట్లమ్మ భర్త మొహం చూసే తెలుసుకుంది. ఇంటికొచ్చి మంచమ్మీద వాలి, "ఉప్పుచేప, వంకాయ వేసి పులుసు పెట్టు. నాలిక్కి కాస్త కారం తగలాలి" అంది. పథ్యమంటూ నాలుగు నెలలుగా ఆయన ఉప్పుచేపను గడప తొక్కనివ్వలేదు.

ఈసారి ఆయన కాదనలేదు. వండి, పళ్లెంలో పెట్టి తెచ్చాడు.

"ఇంకేం కావాలే నీకు?"

పెద్దింట్లమ్మ ఆయన వైపు వింతగా చూసింది. "ఇన్నాళ్లకి అడగడం నేర్చావు."

మూడు ముద్దలు తిని పళ్లెం జరిపేసింది. ఇంకో ముద్ద తినమని ఆయన అనలేదు. ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, చెరువుల మీద మేత వేళ దాటిపోతున్నా, అక్కడే కూర్చుండిపోయాడు.