బ్యాటరీ లేకుండా తిరిగిన మోటారు

1986 అక్టోబరు 12, ఆదివారం, దసరా పండుగ. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు. ఇది మొదలైంది అప్పుడు. గడియారం నా చేతికే ఉంది. పొద్దున రేడియో వార్తలతో సరిచూసి పెట్టుకున్న గడియారం.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బతికున్నవాళ్లే ఒకరి అవసరం ఒకరు చూడరు, చచ్చినవాళ్లు వచ్చి ఏం చూస్తారు? ఇప్పటికీ నా మాట అదే. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన గంగారాం రోడ్డు కాంట్రాక్టరు దగ్గర మెకానిక్. ఆ ఏడు ఏప్రిల్‌లో గొంతుకు ఆపరేషన్ చేసి, మెడ ముందు రంధ్రం పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరి ఆ గొట్టంలోంచే. మాట పోయింది, పలక మీద రాసేవారు. గొట్టంలో కఫం చేరితే ఊపిరి ఆగుతుంది కనుక నాలుగు గంటలకోసారి మిషన్‌తో లాగాలి.

మెట్‌పల్లిలో మా ఇంట్లో నాలుగు మగ్గాలు కరెంటు మీద నడుస్తాయి. నూలు దుమ్ము గొట్టంలో పడితే ప్రాణానికే ముప్పు, ఆ ఇంట్లో ఉండొద్దన్నాడు డాక్టరు. అందుకని ఇచ్చోడ అవతల అడవిలో, రోడ్డు పని క్యాంపులో, కాంట్రాక్టరు ఇచ్చిన చక్రాల ట్రైలర్‌లోనే ఉన్నాం. కూలీలు దాన్ని డబ్బా అనేవారు. అక్కడ కరెంటు లేదు.

కఫం లాగే మిషన్ ఆయనే తయారు చేసుకున్నారు. పాత జీపు మోటారు, చిన్న పంపు, ఒక గాజు సీసా, రబ్బరు గొట్టం. పన్నెండు వోల్టుల లారీ బ్యాటరీతో నడిచేది. తిరిగేటప్పుడు ఒక రెక్క అంచుకు తగిలి టకటకమనేది. ఆ చప్పుడు క్యాంపు మొత్తానికి తెలుసు.

లెక్క నాది. మిషన్ రోజుకు ఆరుసార్లు, సారికి పది నిమిషాలు, ఐదు ఆంపియర్లు. బల్బుకు మూడు. ఆయన తలాపున ఉన్న చిన్న ఫ్యానుకు ఎనిమిది. మొత్తం పదహారు, మూడు రోజులకు నలభై ఎనిమిది. ఎనభై ఆంపియర్ల బ్యాటరీని అంతకన్నా దించితే పాడవుతుంది. అందుకే ఒకటి ఇంట్లో, ఒకటి ఇచ్చోడ దుకాణంలో చార్జింగ్‌కు. మూడో రోజు మార్పిడి. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

దసరాకు ముందురోజే దుకాణం మూసేశారు. రెండో బ్యాటరీ లోపలే ఉండిపోయింది. ఫర్వాలేదు, ఇంట్లో ఉన్నది సోమవారం దాకా వస్తుందని నా లెక్క.

ఆ రోజు పదకొండింటికి మిషన్ నడిపాను. సీసా కడిగి బోర్లించాను, ఆరాక తిరిగి బిగించాను. మూడింటికి మళ్లీ నడపాలి. రెండున్నరకు బట్టలుతకడానికి వాగుకు వెళ్లి, మూడూ ఐదుకు తిరిగొచ్చాను. బ్యాటరీ లేదు. రెండు క్లిప్పులూ గోడ మేకుకు వేలాడుతున్నాయి. ఆయన మంచం మీద కూర్చుని, పెదవులు నల్లబడి, చెంచాతో గిన్నె మీద కొడుతున్నారు. సాయం కావాలంటే ఆయన చేసే సైగ అదే. బయట డప్పుల మోతలో అది ఎవరికి వినపడుతుంది?

పలక చూపించారు. "లింగం తీస్కపోయిండు."

లింగం మా మరిది. ఆయన ఇప్పించిన పనే, క్యాంపు జీపు డ్రైవరు. దసరానాడు బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి కాగానే స్టార్ట్ చేసి తొక్కించాలి. ఆ ఘడియలో బండి స్టార్ట్ కాకపోతే ఏడాదంతా అపశకునం. జీపు బ్యాటరీ దిగిపోయిందని మాది తెచ్చి బిగించాడు.

మా ట్రైలర్ నుంచి జీపుకు రెండు వందల పది అడుగులు. పరిగెత్తాను.

"బ్యాటరీ ఇప్పు లింగం. మీ అన్నకు ఊపిరాడుతలేదు."

"గిప్పుడే పూజ షురూ అయింది వదినె. జర ఆగు, పది నిమిషాలల్ల నేనే తెచ్చి పెడ్త."

"పది నిమిషాలు లేవు."

"పండుగపూట గసొంటి మాట తియ్యకు. పొద్దుందాక నీ లెక్కలే! బడిపంతులుకు సుత గిన్ని లెక్కలుండయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను బానెట్ మీద చెయ్యి వేశాను. హారతి వెలిగించాక ముట్టొద్దని చెయ్యి పట్టి ఆపాడు. హారతి కోసం డప్పులు ఆగాయి.

అప్పుడు వినపడింది. టకటక టకటక.

"అగో, మీ మిషన్ నడుస్తుంది గదనే అవ్వా," అన్నాడు డప్పు కొట్టే ముసలాయన.

"సూసినవా? ఉత్తగనే పరేషాన్ చేస్తివి," అన్నాడు లింగం. అన్నాక వాడి చూపు బానెట్ మీదికి పోయింది. బ్యాటరీ దాని కింద ఉంది. హారతి పళ్లెం చక్రం పక్కన పెట్టేశాడు.

పరిగెత్తి వెళ్లాం. నేను మెట్టెక్కుతుండగా చప్పుడు ఆగింది. మూడూ ఇరవై. క్లిప్పులు మేకుకే ఉన్నాయి. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. పదకొండింటికి కడిగిన సీసాలో కఫం రెండో గీత దాకా ఉంది. లోపల ఇంకెవరూ లేరు. ఆయన హాయిగా ఊపిరి తీస్తున్నారు.

నన్ను చూసి ఆశ్చర్యపోయారు. పలక మీద రాశారు: "నువ్వే తీసినవ్ గద. కుడిచేత్తోని ఎందుకు తీసినవ్?"

నాది ఎడమచేతి వాటం. ఆ ఆరు నెలలూ ఎడమచేత్తోనే తీశాను.

తర్వాత ఇచ్చోడ బ్యాటరీ దుకాణంలో అడిగాను. "కరెంటు లేకుంట మోటరెట్ల తిరుగుతదమ్మా?" అన్నాడు. నిజమే, తిరగదు.

ఆనాటి నుంచి దుకాణాన్ని నమ్మలేదు. రోడ్డు రోలరు డైనమోతో రెండు బ్యాటరీలూ నింపించి ఇంట్లోనే పెట్టుకున్నాను. పదిహేడు రోజులకు, అక్టోబరు 29 బుధవారం, పొద్దున ఏడింటికి స్విచ్ వేశాను. మోటారు తిరగలేదు. రెండో బ్యాటరీ పెట్టాను. తిరగలేదు. బల్బు అదే బ్యాటరీకి ధగధగా వెలిగింది. ఈసారి లింగం తనంతట తానే జీపు తెచ్చి, ఇంజను నడుస్తుండగా తీగలు కలిపాడు. అయినా తిరగలేదు. ఏడూ తొమ్మిదికి ఆయన పోయారు.

పదకొండోనాడు ట్రైలర్ ఖాళీ చేస్తూ దుకాణం అతనికి మిషన్ చూపించాను. తీగ తగిలించగానే తిరిగింది. ఏ లోపమూ లేదన్నాడు.

లింగం మాత్రం మెట్‌పల్లి అంతా చెప్పుకున్నాడు, అమ్మవారే వచ్చి మా అన్నను కాపాడిందని. వాడు చేసిన తప్పు వాడికి మహిమ అయి కూర్చుంది. పదిహేడు రోజులకు ఆ అమ్మవారు ఎటు పోయిందని నేను అడిగితే, వదినెకు భక్తి లేదన్నాడు. ఆ పూట నవ్వినవాళ్లందరూ తలూపారు.

పన్నెండేళ్లుగా లెక్క వేస్తూనే ఉన్నాను. తేలలేదు.

పోయినవి: మా ఆయన, యాభై ఒక్క ఏళ్లు. ఆయన చేత్తో చేసిన మిషన్ ఒకటి, వాగులో నేనే పారేశాను. లింగంతో మాట. పలక మీద దసరానాడు ఆయన రాసిన రాత. అదొక్కటే సాక్ష్యం. సాయంత్రం మందు వేళలు రాయాలని నేనే తడిగుడ్డతో తుడిచేశాను.