ఆర్కాటు గుర్రాలు

గుడియాత్తం దేవరాజులు ఆకలినైనా ఓర్చుకుంటాడు గానీ, ఆటలో చరిత్ర తప్పిన ఎత్తును మాత్రం ఓర్చుకోడు.

లుంగీ డిజైన్లు వేసే గళ్లకాగితం మీద వేలూరు కోట గీసి, 1806 నాటి సిపాయిల తిరుగుబాటును ఆటగా మార్చిన ఘనుడాయన. చింతగింజలు సిపాయిలు, చొక్కా గుండీలు తెల్లదొరలు, దొరల్ని కాపాడ్డానికి ఆర్కాటు నుంచి వచ్చే గుర్రాలు శనగబేడలు. సిపాయిల పక్షాన ఆడి ఆరేళ్లుగా ఓడిపోతున్నవాడు బామ్మర్ది అప్పాసామి.

"ఒక్కతూరి ఆ గుర్రాల్ని దారిలో నీళ్లు తాగనీ బావా, నేను గెలుస్తా!"

"చరిత్రలో తాగలేదప్పా."

ఒకసారి కోట అగడ్త వెడల్పు మీద పేచీ వచ్చింది. దేవరాజులు ఆట మధ్యలో లేచి, వేలూరు బస్సెక్కి, అగడ్త పక్కన అడుగులు కొలుచుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. "నీదే తప్పు. రెండు గళ్లు వెనక్కి పో." అందాకా అప్పాసామి చింతగింజ పట్టుకుని కూర్చునే ఉన్నాడు పాపం.

నిరుడు అప్పాసామికి వాతం కొట్టి కుడిచెయ్యి పడిపోయింది. తెగిన పోగు ముడెయ్యలేని నేతగాడికి మగ్గమెందుకు? ఆస్పత్రిలో రోజూ వేళ్లు ఆడించమన్నారు. మూడు రోజులు ఆడించి, "చిన్నబిడ్డ మాదిరి ఇదేం పని? మగ్గం అమ్మేయండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలు జీవిత బతిమాలింది, కోప్పడింది. ఊహూ, వినలేదు.

నాలుగో రోజు దేవరాజులు వచ్చి కాగితం పరిచాడు.

"కొత్త సంగతులు తెలిసినాయి. ఇకమీద సిపాయిల్ని కుడిచేత్తోనే జరపాల."

"అట్లా యాడుండాది?"

"ఈ నోటుబుక్కులో ఉండాది. చదువుకో."

నోటుబుక్కు తెలుగులో ఉంది. పొద్దస్తమానం తెలుగే మాట్లాడే అప్పాసామికి చదవడం వచ్చింది అరవం ఒక్కటే. ఆ సంగతి బావకూ తెలుసు.

ఇక వారానికో నియమం పుట్టుకొచ్చింది. తూటాలంటే ఆవగింజలు. వాటిని పిడికిట్లో పోయకూడదు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్కటే ఎత్తిపెట్టాలి. కోట మీద జెండా నిలవాలంటే నూలుపోగుతో ముడి పడాలి.

"నీ చరిత్రలో మన్ను పొయ్య!" అని తిడుతూనే అప్పాసామి వంగి ఆవగింజలు ఏరేవాడు. ఈతూరైనా గెలవాలన్న ఆశ అంత చెడ్డది మరి.

ఆరునెలలకు ఒకనాడు జెండా ముడి బిగువుగా పడింది. అప్పాసామి లేచి మగ్గం దగ్గరికి పోయి, తెగిన పోగొకటి ముడేశాడు. సంతోషం పట్టలేక కోడల్ని కేకేసి చూపించాడు.

జీవితది చిత్తూరు, తెలుగు చదువుకున్న పిల్ల. దేవరాజులు మరిచిపోయిన నోటుబుక్కు తిరగేసి నోరు తెరిచింది.

"మామా, దీంట్లో సిపాయిలే లేరు! 'మొదటి వారం కుడిచెయ్యి కదపాల. మూడో వారం ఆవగింజలు, ఇరవై. ఎనిమిదో వారం ముడి. ఆస్పత్రిలో అడిగితే సరే అన్నారు.' ఇంతే ఉండాది."

గుర్రం తోక పొడుగు విషయంలో కూడా రాజీపడని మనిషి, తన కోసం ఆరునెలలు చరిత్ర మీద అబద్ధాలాడాడు! అప్పాసామికి నవ్వొచ్చింది. బావ మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"ఆయనకు చెప్పొద్దు తల్లీ, సిగ్గుపడతాడు."

మర్నాడు కుడిచేత్తో టకటకా జెండా ముడేసి, నెమ్మదిగా అడిగాడు. "బావా, చెయ్యి బాగైంది గదా. ఈ ఒక్కతూరి నన్ను గెలవనీ."

దేవరాజులు ముఖం చిట్లించాడు. "నీ చేతికీ చరిత్రకీ ఏం సంబంధమప్పా? పొద్దెక్కింది. పక్కకు జరుగు, ఆర్కాటు గుర్రాలు వస్తుండాయి."