రెండుసార్లు పేనిన ఫైలు

ఆఫీసులో ఆమెను అందరూ చిన్నావిడ అంటారు. పక్క కుర్చీలోని పెద్దావిడ ఆమె తోడికోడలు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే గదిలో ఉద్యోగం. మాటలు మాత్రం లేవు. ఇల్లు పంచుకున్నప్పుడు వెలుతురు వచ్చే గదిని పెద్దావిడ పట్టేసుకుంది. ఆనాటి నుంచి చిన్నావిడ లోపల ఏదో కిటికీ మూసుకునే ఉంది.

వాళ్ల పని సర్వర్లకు జాతకం రాయడం. ఎన్ని కావాలో, ఎలాంటివి కావాలో కోడ్‌లో రాస్తే, అవి ఎక్కడో చల్లటి గదుల్లో మేలుకుంటాయి. మేలుకోగానే చెయ్యాల్సిన పనులు ఒక ఫైల్లో ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు పంపితే ఆ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు తీసుకోరు. ఎన్‌కోడ్ చెయ్యాలి, అంటే మనిషి కంటికి అర్థంకాని అక్షరాల తాడుగా పేనాలి. సర్వరు ఆ తాడును విప్పుకుని చదువుకుంటుంది. అయితే ఒక్కసారే విప్పుతుంది.

ఆ ఉదయం ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సర్వర్లు లేచాయి గానీ ఉలకలేదు, పలకలేదు. మేనేజరు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"మధ్యాహ్నంలోగా ఇవి పనిచెయ్యాలి. లేదంటే మీ ఇద్దర్లో ఒకరే ఇక్కడ ఉంటారు."

"ఎవరో తెలిసిందేగా సార్," అంది పెద్దావిడ స్క్రీన్ వంకే చూస్తూ. "కొందరికి పని కంటే మూతి విరుపులెక్కువ."

"కొందరికి మంచి చోటు కనబడితే కుర్చీ లాక్కోవడమే పని," అంది చిన్నావిడ గోడతో.

ఈ కుర్చీ పోతే పగలంతా ఆ ఇంట్లో, ఆ చీకట్లో కూర్చోవాలి. చిన్నావిడ తెర మీదికి వంగింది. కోడంతా వెతికింది. తప్పు దొరికింది. కోడు ఆ ఫైలును తెరిచి చదివే చోట తను ఎన్‌కోడ్ చేసింది. సర్వరుకు అందించే చోట పెద్దావిడా చేసింది. ఒకరికొకరు చెప్పుకోలేదు. తాడు విప్పిన సర్వరుకు లోపల ఇంకో తాడే దొరికింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట తనే ముందు అనడమా? ఎవరి కంటా పడకముందే తను రాసింది తీసేసి, మళ్లీ పంపింది.

ఈసారి సర్వర్లు పుట్టనే లేదు. ఫైలు ఎన్‌కోడ్ కాలేదంటూ తెరనిండా ఎర్రటి అక్షరాలు.

"అక్కా! నువ్వూ తీసేశావా?"

ఆపుకునేలోపే ఆ మాట నోట్లోంచి దూకేసింది.

పెద్దావిడ తల తిప్పింది. "నీకంటే ముందే తీశా. నువ్వు దిగొచ్చే రకం కాదుగా."

"ఇప్పుడెవరు పెట్టాలి?"

"నువ్వే ఏడువు. చదివే చోట ఉంటేనే శుభ్రంగా ఉంటుంది."

"అంటే నేను రాసిందే నయమనా?"

"నోర్మూసుకుని పెట్టవే. టైమవుతోంది."

పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. పొగమంచు విడిపోయినట్టు తెర మీది ఎరుపు కరిగింది. సర్వర్లు ఒక్కొక్కటే పనిలో పడ్డాయి.

మేనేజరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఎవరు వెళ్తున్నారు?"

"మీరే, సార్. పని చేసుకోనివ్వండి," అంది పెద్దావిడ.

ఆయన నసుగుతూ వెళ్లిపోయాడు. చిన్నావిడకు నవ్వొచ్చింది, పెదవి కొరుక్కుంది.

"మురిసిపోకు," అంది పెద్దావిడ. "ఇంకోసారి కోడ్‌లో ఏ వరస ముట్టుకున్నా నాకు చెప్పి చావు."

"ముందు నువ్వు చెప్పు."

"చెప్తాలే. అటు తిరుగు."

తిరిగింది.