గోనెపట్టా మీద ఒక ఆదివారం

వీధుల్లో బతికేవాళ్లను వెతికి ఆసుపత్రికి చేర్చడం నా ఉద్యోగం. శ్రీకాకుళంలో మా సంస్థంటే ఇద్దరు మనుషులు, ఒక ఆటో. వెతకడం తేలికే, అరసవల్లి గుడి దారిలో వరసగా కూర్చునే ఉంటారు. చేర్చడమే కష్టం.

ఆ వరసలో ఒక తాత. ఒకప్పుడు నౌపడ ఉప్పుమడుల్లో పనిచేశాడు. కుష్ఠు ఎప్పుడో నయమైంది గానీ కాళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. అరికాలి పుండు లోతుకు దిగిపోయినా నొప్పి తెలియదు, కాబట్టి ఆయన లెక్కలో పుండే లేదు. ఈ ఆదివారం కూడా తీసుకురాకపోతే పాదం తీసేయాల్సిందేనని డాక్టరు నా మీద కేకలేశాడు. ఆ డాక్టరు వచ్చేది ఆదివారమే. సూర్యుడి గుడికి జనం విరగబడేదీ ఆదివారమే.

"నానొచ్చేస్తే నా సోటేటవుతాది?" అన్నాడు తాత.

ఆ వరసకు ఒక కట్టుబాటుంది. ఆదివారం పొద్దున ఖాళీగా కనబడిన చోటు ఎవరు ముందు కూర్చుంటే వాళ్లదే, ఇక ఎప్పటికీ. తువ్వాలు పరిచి వెళ్తే చెల్లదు. సొంత మనిషి కూర్చోవాలి. తాత సొంత మనుషులు జబ్బు పేరు విన్న రోజే రావడం మానేశారు.

"నేను కూర్చుంటాలే" అన్నాను. బతిమాలి బతిమాలి విసుగొచ్చి అన్నమాట, సేవాభావం ఏమీ కాదు.

తీర్పు చెప్పాల్సింది పక్కచోటు ముసలమ్మ. నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్ల నీకేటవుతాది?" అని తాతనడిగింది.

తాత కాసేపు ఆలోచించాడు. "మనవరాలు."

"ఇన్నాళ్లూ ఏటి సేసినాది మరి?"

"ఉద్దోగం."

ముసలమ్మ ఒప్పుకుంది. మా ఆటో డ్రైవరు తాతను ఎక్కించుకుపోయాడు. నేను గోనెపట్టా మీద చతికిలబడ్డాను. కాసేపటికి నడుం పట్టేసింది, ఎండ నెత్తికెక్కింది. లేచి నిలబడితే చోటు పోతుందని ముసలమ్మ ముందే హెచ్చరించింది.

అప్పుడు గుళ్లోంచి మా పిన్ని వచ్చింది. నన్ను తన ఇంట్లో ఉంచుకుని పదో తరగతి దాకా చదివించిన పిన్ని. నేను ముఖం కప్పుకోలేదు, తల దించుకోలేదు. పిలుద్దామని నోరు తెరిచేలోపే నా చేతిలో అరటిపండు పెట్టి, పక్క చేతికి వెళ్లిపోయింది. బాధేసింది. కోపం కూడా వచ్చింది. అది ఎవరి మీదో తేల్చుకునేలోపు ఆవిడ వరస చివరికి చేరి ఆటో ఎక్కేసింది.

మధ్యాహ్నానికి తాత రెండు పాదాలతోనే దిగాడు, ఒకదానికి పెద్ద కట్టు. ఇంకా గండం గడవలేదట, కట్టు మార్చడానికి వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారట. ముందు తన చోటు చూసుకున్నాడు, తర్వాత నా చేతిలో పండు చూశాడు.

"ఎవులిచ్చినారు?"

"మా పిన్ని."

"నిన్ను సూడనేదేటి?"

"చూడలేదు."

తాత నా చేతిలోంచి పండు తీసుకున్నాడు. పండు ఒలిచి, విరిచి, సగం నాకిచ్చాడు. ఇద్దరం తిన్నాం. నేను చెప్పులు వేసుకుంటుంటే అన్నాడు.

"వచ్చే ఆదివారం కూడా కూకో అమ్మా. అప్పుడైనా సూస్తాదేమో."