పెళ్లి గౌనుకి ఎర్ర గుడ్డ

ఆమె అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు. పంక్చరు పడితే మాత్రం "టైరక్క ఉందా?" అంటూ వెతుక్కుంటూ వస్తారు. నాన్న నడుం పట్టేసి మంచమెక్కిన ఏడు, కాలేజీ పుస్తకాలు అటకెక్కించి టైర్ల కొట్టు తలుపు తీసింది. లారీ చక్రాన్ని ఒంటి చేత్తో దొర్లించుకుపోతుంటే మొదట్లో డ్రైవర్లంతా ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఆ వేలు తీసేసి బుద్ధిగా వరసలో నిలబడ్డారు.

మనిషి మొదటి నుంచీ బొద్దు. బడిలో గ్రూపు ఫోటో తీసిన ప్రతిసారీ "నువ్వు ముందుంటే వెనకాలవాళ్లు కనపడరమ్మా" అని టీచరు చివరి వరసకి తోసేది. కొట్టు పనితో ఆ ఒంటికి భుజాలు కూడా తోడయ్యాయి.

ఆ భుజాల్ని చూసే ఒక అంబులెన్సు డ్రైవరు మనసు పారేసుకున్నాడు. నిక్షేపంలాంటి టైర్లు తెచ్చి "గాలి తగ్గినట్టుంది, చూడండి" అనేవాడు. ఆరోసారికి ఆమే, "గాలి టైర్లో కాదు, నీలో తగ్గింది. ఆ అడిగేదేదో అడిగేయ్" అంది. పెళ్లి కుదిరింది.

పెళ్లి గౌను కోసం పిన్ని వెంట వెళ్లింది. అమ్మ పోయాక పెంచింది పిన్నే. షాపులో వేలాడదీసిన గౌన్లన్నీ అగ్గిపుల్లలకి కుట్టినట్టున్నాయి. ఒక్కటీ భుజం దాటలేదు. సరే, మీగడ రంగు గుడ్డ తీసుకుని కొలతలిచ్చి కుట్టించుకుందామన్నారు. షాపు టైలరమ్మ టేపు చుట్టి, ఆ అంకెని పిన్ని చెవిలో ఊదింది, డాక్టరు చెడ్డ జబ్బు పేరు చెప్పినట్టు.

"నడుం నలభై రెండు!" అని టైరక్క టేపు చూసి షాపంతా వినపడేలా అరిచింది. "గట్టిగానే చెప్పండి. దొంగ సొమ్మేం కాదుగా!"

పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్లి ఇక వారం ఉందనగా గౌను తయారైందని కబురొచ్చింది. వేసుకుంటే జిప్పు సగం దాకా వచ్చి మొండికేసింది.

"కాస్త ఊపిరి బిగపట్టవే," అంది పిన్ని.

"బిగపట్టాను. ఇంకా బిగపడితే నా కాబోయే మొగుడి బండిలోనే ఎక్కించాలి."

గౌను విప్పి, టేపు తీసుకుని దాని నడుం తనే కొలిచింది. ముప్ఫై తొమ్మిది. టైలరమ్మ పిన్ని వంక చూసింది. పిన్ని నేల వంక చూసింది.

"నేనే తగ్గించి కుట్టమన్నా. ఈలోపు చిక్కుతావనుకున్నానే."

"ఓహో! అందుకా నెల నుంచీ నా పళ్లెంలో అన్నీ ఆకులే? నన్ను మేకననుకున్నావా పిన్నీ? నేను రోజూ కొట్టు పక్క హోటల్లో తినొస్తున్నాలే."

పిన్నికి నవ్వు రాలేదు. "నిన్ను చూసి నలుగురూ నవ్వితే నేను తట్టుకోలేను. నా పెళ్లికి మా అమ్మ కూడా ఇలాగే బిగించింది. నేను ఓర్చుకోలేదా?"

ఇంట్లో గోడ మీదున్న పిన్ని పెళ్లి ఫోటో టైరక్క కళ్లముందు మెదిలింది. అందులో పిన్ని మొహం పంటి నొప్పితో ఉన్నట్టుంటుంది.

"ఆ ఫోటోలో అందుకేనా నవ్వలేదు?"

"నవ్వితే హుక్కు తెగేది," అంది పిన్ని మెల్లగా.

టైరక్కకి కోపం సగం దిగింది, పట్టుదల మాత్రం దిగలేదు. "రిమ్ముకి పట్టని టైరు తెస్తే ఏం చేస్తాం పిన్నీ? టైరు మారుస్తాం. రిమ్ముని అరగదీస్తామా?"

టైలరమ్మ గొంతు సవరించుకుంది. "లోపల మడతలో గుడ్డ వదల్లేదమ్మా. ఈ రంగు కూడా అయిపోయింది. పక్కలు విప్పి వేరే గుడ్డ అతికితే కలవదు."

"కలవకపోతే మానె. ఎరుపు వెయ్యండి."

"ఎరుపా! వీధి చివర నుంచి కూడా తెలిసిపోతుంది."

"తెలియాలనే."

పిన్ని లేచి నిలబడింది. "అతుకుల గౌనుతో పెళ్లా? అయితే నేను రాను."

"నువ్వు రాకపోతే ఏడుస్తాను పిన్నీ. అయినా ఈ బిగుతు మాత్రం వేసుకోను."

అక్కడి నుంచే అంబులెన్సు డ్రైవరుకి ఫోను చేసి సంగతంతా చెప్పింది. అతను ఒక్కటే అడిగాడు, "ఊపిరాడుతుందా?"

"ఎరుపు వేస్తే ఆడుతుంది."

"అయితే వేయించు."

పిన్ని గుమ్మం దాకా వెళ్లింది. చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టింది. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి టైలరమ్మ మీద విరుచుకుపడింది. "ఎరుపంటే ముదురు ఎరుపు వెయ్యి. వెలిసిపోయిన ముక్కేదో వేశావంటే నా పరువు పోతుంది!"

పెళ్లి రోజు లారీ డ్రైవర్లు చర్చి బయట హారన్లు మోగిస్తుంటే, టైరక్క రెండు చేతులూ పైకెత్తి ఊపింది. చంకల నుంచి నడుం దాకా ఎర్రటి పట్టీలు భగ్గుమన్నాయి. నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లందరికంటే గట్టిగా పిన్ని నవ్వింది, వదులు జాకెట్టులో, నోరంతా తెరిచి.

గ్రూపు ఫోటో దగ్గర ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. "అమ్మా, మీరు కొంచెం వెనక్కి వెళ్తే... వెనకాలవాళ్లు కనపడట్లేదు."

టైరక్క ముందు వరస మధ్యలోంచి అంగుళం కదల్లేదు.

"వాళ్లని పక్కకి జరగమనండి."