బావి నీటిమీద బుర్ర

అప్పటి బస్సులకు మనుషులకంటే దాహం ఎక్కువ. చిట్యాల దాటాక బస్సు ఆపి, ఇంజనుకు నీళ్లు తోడబోయిన డ్రైవరు బకెట్‌ను దారిపక్క మెట్లబావిలో జారవిడిచాడు. నా పక్కన, ఒళ్లో ఎండిన ఆనపకాయ బుర్ర పెట్టుకుని కూర్చున్న పెద్దాయన లేచాడు. బావుల్లో పడినవి తీయడమే ఆయన పనట. సంచిలోంచి తాడు తీసి, ఒక కొస నడుముకు చుట్టుకుని, నడిమధ్యన బుర్ర కట్టి నీటిమీద వదిలాడు. రెండో కొస నా చేతికిచ్చాడు.

“కింద నేను తాడు గుంజితే బుర్ర మునుగుతది. మూడుమార్లు మునిగితేనే నువ్వు గుంజు బిడ్డా. ముందే గుంజితే నా తల బండకు తాకుతది.”

ఆయన మునిగాడు. కాసేపు ఆడిన బుర్ర ఆగిపోయింది.

“గుంజు, గుంజు!” అని వెనక అందరూ అరిచారు. నేను గుంజలేదు. చివరికి బుర్ర మూడుమార్లు మునిగింది. ఏడుస్తూ గుంజాను.

బకెట్‌తో మెట్లెక్కి వచ్చి, తాడుమీద బిగుసుకుపోయిన నా వేళ్లను ఆయన ఒక్కొక్కటే విప్పాడు.

“ఇగ ఇడువు బిడ్డా. నేనొచ్చిన.”