యోగానంద్ గారి నికర లెక్క

ఎదురైన తెలుగువాడు "నమస్కారం" అనేలోపే యోగానంద్ గారు "వచ్చారా, వెళ్తున్నారా?" అని అడిగేస్తారు. మెల్‌బోర్న్ పడమటి అంచున టార్నీట్‌లో, కూతురింట్లో ఉండే ఈ రిటైర్డ్ గణాంకాధికారి దృష్టిలో మనుషులు రెండు రకాలే: దేశం విడిచి వచ్చేవాళ్ళు, తిరిగి దేశానికి వెళ్ళేవాళ్ళు. మిగిలినవాళ్ళు ఇంకా తేల్చుకోనివాళ్ళు.

"ఇండియా నుంచి నికరంగా ఎంతమంది బయటికి పోతున్నారో పేపర్లో వేసేది అంచనా అమ్మా," అని, ఉద్యోగానికి కొత్తగా వచ్చిన నీలిమకు పరిచయమైన రోజే చెప్పారు. "నాది లెక్క. టార్నీట్ వరకూ పక్కా!" అంటూ చంకలోని నోటు పుస్తకం తట్టారు.

ఈ లెక్క ఎవరికోసమో నీలిమకు అంతుపట్టేది కాదు. ఒక గృహప్రవేశంలో ఇంటావిడ నిండు గర్భిణి. యోగానంద్ గారు పులిహోర పక్కన పెట్టి మరీ తీర్పు చెప్పారు. "బిడ్డ ఇక్కడే పుడుతుంది కనక వలస కింద రాదు."

"కవలలైతే అంకుల్?" అంది నీలిమ.

"కవలలైనా సున్నాయే!"

అక్కడే ఉన్న వంశీధర్ ఉబలాటంగా అడిగాడు. "మా బావమరిది వచ్చి పదకొండు నెలలైంది. సోఫా దిగట్లేదు. రాసుకున్నారా?"

"లేదు బాబూ. పన్నెండు నెలలు నిండాలి. ఇంకొక్క నెల ఉంచితే వలస వచ్చినట్టే."

వంశీధర్ ఆ సాయంత్రమే బావమరిదికి టికెట్ బుక్ చేశాడు.

నాలుగేళ్ళు గడిచాయి. నీలిమ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ప్రాజెక్టును కంపెనీ మూసేసింది. శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ రాలేదు, వీసా గడువు దగ్గరపడింది. తిరిగి వెళ్ళిపోతున్నానని అందరికీ చెప్పగలిగింది కానీ, ఆ పుస్తకంలో మైనస్‌గా పడడానికి మాత్రం మనసొప్పలేదు. ఆయన కంటపడకుండా రెండు వారాలు వెనక వీధిలోంచి స్టేషన్‌కి తిరిగింది. ఒక మధ్యాహ్నం ప్లాట్‌ఫాం మీద దొరికిపోయింది.

"వచ్చారా..." అని ఆయన మొదలుపెట్టారు.

"వెళ్తున్నానండీ!" అంది నీలిమ. "మైనస్ ఒకటి రాసుకోండి అంకుల్. ఓడిపోయి వెళ్తున్నాను."

"ఓడిపోయినవాళ్ళనే గడేదీ నా పుస్తకంలో లేదే! ఏ ఊరమ్మా?"

"రాజమండ్రి."

ఆయన పుస్తకాన్ని వెనక నుంచి తెరిచారు. అన్నీ వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు. పక్కన సన్నటి అక్షరాలు: 'ఉద్యోగం దొరికింది.' 'పిల్లాడికి తెలుగు పరీక్షంటే జ్వరం.' 'కాస్త దిగులుగా ఉంది, ఆదివారం మళ్ళీ ఫోన్ చెయ్యాలి.'

"వచ్చినవాళ్ళని అందరూ బార్బెక్యూ విందుకి పిలుస్తారు," అన్నారు ఫోన్ నొక్కుతూ. "వెళ్ళినవాళ్ళని ఎయిర్‌పోర్టు దాకానే కదమ్మా గుర్తుపెట్టుకునేది."

స్పీకర్లో పలికింది మంగతాయారు. రెండేళ్ళ కిందట టార్నీట్ నుంచే తిరిగి వెళ్ళి, రాజమండ్రిలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టుకున్నావిడ.

"తాయారూ, మనమ్మాయి ఒకతె వస్తోంది. నాలుగేళ్ళు టెస్టింగ్ చేసింది."

"రాగానే ఓసారి ఆఫీసుకి రమ్మనండి బాబాయ్ గారూ, మాట్లాడదాం. మనిషి కావాలనే చూస్తున్నాను. అన్నట్టు, ఒక్కతేనా, ఎవరైనా తోడొస్తున్నారా? ఇటువైపు ప్లస్‌లు రాసుకోవద్దూ నేను!"

ఏడవబోయిన నీలిమ ఫక్కున నవ్వింది. తర్వాత రాజమండ్రి కబుర్లలో పడ్డారు ముగ్గురూ. ఈలోపు రెండు రైళ్ళొచ్చి పోయాయి. ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో యోగానంద్ గారు చూడనేలేదు.